పెదనాన్న లేని ఫైనల్

తెనాలి పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళివారికి తెలియజేయడమేమనగా, మా పక్క షాపు బ్రహ్మం డిజిటల్స్‌లో పెళ్ళి వీడియోలోంచి మనుషుల్ని తీసేసే సౌకర్యం గత పదహారేళ్ళుగా నిరాటంకంగా అందుబాటులో ఉంది. తీసేసినవాళ్ళను మళ్ళీ పెట్టే సౌకర్యం కూడా ఉందని బోర్డు మీద రాసి ఉంది గాని, ఆ పని మీద వచ్చినవాణ్ణి నేను ఈ ఏడాది దాకా చూడలేదు. నా పేరు హనుమంతరావు. పక్కనే జిరాక్స్ షాపు నాది. తొలగింపు దరఖాస్తు ఫారాలు నేనే తీసిస్తాను కాబట్టి, నేను చెప్పేదంతా అధికారిక సమాచారంగానే పరిగణించవచ్చు.

ఫారం చాలా సులువు. తొలగించవలసిన వ్యక్తి పేరు, పెళ్ళివారికి ఏమవుతారు, గుర్తుపట్టటానికి చీర లేక చొక్కా రంగు, కారణం. కారణం దగ్గర నాలుగు గీతలు వదిలాం గాని జనానికి చాలటం లేదు, వెనక పేజీకి పోతున్నారు. తోడల్లుణ్ణి తీయించటానికి పొన్నూరు నుంచి వచ్చిన ఒకాయన మూడు తెల్లకాగితాలు అదనంగా జతచేశాడు. బ్రహ్మం అవేవీ చదవడు. రంగు చూసుకుంటాడు, మనిషిని తీసేస్తాడు. చెయ్యి తిరిగినవాడు. అతను చేసిన ఒక పెళ్ళిలో బంతి మధ్యలో ఖాళీ విస్తరి ఒకటి కనపడుతుంది, దాని ముందు ఎవరూ ఉండరు, అందులో అన్నం మాత్రం దానంతటదే తగ్గిపోతుంటుంది. ఇంకో పెళ్ళిలో తలంబ్రాలు పోసే చేతులు రెండు గాల్లోంచి వస్తాయి. చూసినవాళ్ళంతా పనితనం మెచ్చుకున్నారే తప్ప ఆ చేతులెవరివని అడిగినవాళ్ళు లేరు.

మా అమ్మాయి పెళ్ళి వీడియో సంగతేంటని కొందరు నన్ను అడుగుతుంటారు. అది వేరే విషయం. దానికి సరైన కారణాలున్నాయి. ఇక్కడ అప్రస్తుతం.

మొన్న ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే బాపట్ల నుంచి ప్రేమ్ కుమార్ మాస్టారు దిగారు. హెడ్మాస్టరుగా రిటైరై, రిటైర్డ్ ఉపాధ్యాయుల సంఘానికి అధ్యక్షులైన మనిషి. మామూలు మాటలు మాట్లాడ్డం మానేసి చాలా కాలమైంది, ఏది చెప్పినా వేదిక మీద చెప్పినట్టే చెబుతారు. ఆయన వెనకాల, నేత చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచీ పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. మాస్టారి వదిన, అచ్చమ్మ. పొన్నూరు దగ్గర ఊరు.

"మా అగ్రజులు చిన్నయ్యగారు ప్రభువునందు నిద్రించారు," అన్నారు మాస్టారు, నిలబడే. "తండ్రి తర్వాత తండ్రి వంటివారు. వచ్చే శనివారం బాపట్లలో జ్ఞాపకార్థ కూడిక ఘనంగా నిర్వహిస్తున్నాం. పెద్ద తెర పెడుతున్నాం. ఆ మహనీయుడు మాట్లాడుతున్న వీడియో ఆ తెర మీద రావాలని కుటుంబ సభ్యులందరి ఆకాంక్ష."

"ఫోన్లో ఏదన్నా ఉందేమో చూశారాండీ?" అన్నాడు బ్రహ్మం.

ఫోన్లో లేదు. ఎవరి ఫోన్లోనూ లేదు. డెబ్బై ఒక్క ఏళ్ళు బతికిన మనిషికి ఆధార్ కార్డు మీద ఫోటో తప్ప ఇంకేం లేదని తేలింది. చిన్నయ్య గొంతు రికార్డయింది జీవితంలో ఒక్కసారే, పదమూడేళ్ళ కింద, మాస్టారి అమ్మాయి నీరజ పెళ్ళిలో. ఆ పెళ్ళి తీసింది బ్రహ్మమే.

బ్రహ్మం గోడకి వేలాడే తీగకు గుచ్చిన పాత ఫారాల్లోంచి ఒకటి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. నేను కూడా తొంగిచూశాను. తొలగించవలసిన వ్యక్తి: చిన్నయ్య. బంధుత్వం: దూరపు బంధువు. గుర్తు: వెలిసిపోయిన తెల్లచొక్కా. కారణం: సమయాభావం. కింద ప్రేమ్ కుమార్ మాస్టారి సంతకం, పక్కన హెడ్మాస్టరు స్టాంపు.

మాస్టారు ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, "గతం గతః," అన్నారు.

సమయాభావం అంటే ఏమిటో పాఠకులకు కొంచెం చెప్పాలి. ఆ పెళ్ళిలో పాస్టరుగారు, పెళ్ళికూతురి పెదనాన్న కదా అని చిన్నయ్యను ప్రార్థన చేయమన్నారు. చిన్నయ్య పదకొండు నిమిషాలు చేశాడు. నాలుగు నిమిషాలు పెళ్ళికూతురి కోసం, పెళ్ళికొడుకు ఫిన్నీ కోసం. రెండు నిమిషాలు కాలవ నీళ్ళ కోసం. ఆ తర్వాత తమ్ముడి కోసం మొదలుపెట్టాడు. తమ్ముణ్ణి చదివించటానికి తను పొన్నూరు మిల్లులో మూటలు మోశాననీ, తమ్ముడు టీచరు ట్రైనింగుకి పోయేటప్పుడు తన పెళ్ళిచొక్కా తొడుక్కుని పోయాడనీ ప్రభువుకి విన్నవించుకున్నాడు. ఆ చొక్కా ఇంతవరకు తిరిగి రాలేదనీ, అయినా తను అడగదల్చుకోలేదనీ కూడా చెప్పాడు. పెళ్ళికి వచ్చిన వడ్లమూడి వియ్యాలవారు నవ్వారు. మాస్టారు మూడుసార్లు దగ్గారు. నవ్వులూ దగ్గులూ అన్నీ రికార్డయ్యాయి, పెళ్ళైన నాలుగో రోజుకే ఫారం వచ్చేసింది.

"నీకేం కావాలమ్మా?" అని బ్రహ్మం అచ్చమ్మని అడిగాడు. ఆవిడ అప్పటిదాకా కూర్చోలేదు.

"నాకు తెర వద్దు బాబూ. నలభై మూడేళ్ళు కాపురం చేశాను. ఏమే అనేవోడు, ఇదిగో అనేవోడు, ఒక్కోసారి అదీ అనేవోడు కాదు, చెంబు చప్పుడు చేసేవోడు. నా పేరు పెట్టి ఎప్పుడూ పిలవలా. ఆ ఒక్కరోజు ప్రార్థనలో మా అచ్చమ్మ అన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఉన్నా. అన్నాడో, అన్నట్టు నాకు అనిపిచ్చిందో కూడా తెలవదు. ఉంటే ఒక్కసారి వినిపిచ్చు."

నా షాపు దగ్గర ఎవరో పిలిచినట్టు అనిపించి నేను బయటికి వెళ్ళాను. ఎవరూ లేరు. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇక అన్వేషణ. బ్రహ్మం దగ్గర ఫైళ్ళు పోవు. ఈ మాట అతను గర్వంగా చెబుతాడు. దొరకవు, అంతే. పెళ్ళికూతురి పేరు, తేదీ రాసుకోవటం అతనికి నామోషీ. ఆ పెళ్ళిలో తనకేది గుర్తుండిపోతే అదే పేరు. 'సాంబారు మాడిన పెళ్ళి', 'జనరేటరు రాని పెళ్ళి', 'ఈపురుపాలెంలో నా చెప్పులు పోయినయ్'. మళ్ళీ ఒక్కో పెళ్ళికి, మనిషిని తీసిన ప్రతిసారీ పాతదాన్ని ముట్టుకోకుండా కొత్తది దాస్తాడు. ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్, అత్తగారు లేని ఫైనల్, ఒట్టు ఇదే ఫైనల్. కంప్యూటర్లో వెతికే గడిలో 'ఫైనల్' అని కొడితే పన్నెండు వందల చిల్లర వచ్చాయి. 'నీరజ' అని కొడితే ఏమీ రాలేదు.

కాని బ్రహ్మానికి ఒక పద్ధతుంది. డిస్కులు మొత్తం ముప్పై ఒకటి. ప్రతి దసరాకీ ఆయుధపూజ రోజున కెమెరాతో పాటు వాటన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాడు. పాత బొట్టు చెరపడు, పక్కనే కొత్తది పెడతాడు. కాబట్టి బొట్లు లెక్కపెడితే డిస్కు వయసు తెలిసిపోతుంది. పదమూడేళ్ళ నాటి పెళ్ళి కావాలంటే పదమూడు బొట్ల డిస్కు తీస్తే సరి. లోపలికి కుంకుమ పోయి రెండు డిస్కులు తిరగటం మానేసిన మాట నిజమే గాని, పద్ధతిలో మాత్రం లోపం లేదు.

మొదటి రోజు పదమూడు బొట్లవి మూడూ తెరిచాం. లేదు. రెండో రోజు అన్వేషణ పరిధిని పన్నెండు బొట్లకీ పద్నాలుగు బొట్లకీ విస్తరించాం. ఒక డిస్కు మీద ఉన్నది బొట్టా, టీ మరకా అన్న విషయం మీద నాకూ బ్రహ్మానికీ అభిప్రాయభేదం వచ్చి మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. నాకి చూస్తే టీ. అందులోనూ లేదు. బాపట్ల నుంచి మాస్టారు గంటకోసారి ఫోను చేసి, "అన్నయ్య దొరికాడా?" అని అడుగుతున్నారు. ఇన్నేళ్ళలో ఆయన అన్నయ్య కోసం అన్నిసార్లు ఫోను చేసిన దాఖలా లేదని తర్వాత అచ్చమ్మ చెప్పింది.

మూడో రోజు బ్రహ్మం నెత్తి కొట్టుకున్నాడు. "బాబాయ్, అది చర్చి పెళ్ళి గదా."

విషయమేమంటే, బ్రహ్మం మర్యాదస్తుడు. చర్చిలో జరిగిన పెళ్ళిళ్ళున్న డిస్కు మీద మనం బొట్టు పెడితే వాళ్ళేమనుకుంటారోనని, ఆ పెళ్ళిళ్ళన్నీ ఒక డిస్కులో వేసి, పూజకి ముందు దాన్ని గౌరవంగా షాపు బయట పెట్టించాడు. బయట అంటే నా షాపులో. పదేళ్ళుగా అది నా బల్ల మీద, ఫ్యాను గాలికి తొలగింపు ఫారాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది. ఇనపముక్క అనుకుని రోజూ దాని మీద చెయ్యి వేసేవాణ్ణి. ఇందులో నా తప్పేం లేదు.

అందులో 'పొడుగు ప్రార్థన' అని ఒక ఫోల్డరు కనపడింది. లోపల ఏడు ఫైనళ్ళు. రెండోదాని పేరు 'పెదనాన్న లేని ఫైనల్'. మూడోదాంట్లో మేనత్త లేదు, నాలుగోదాంట్లో ఆవిణ్ణి సమర్థించినవాళ్ళు లేరు. అట్లా తగ్గుకుంటూ వచ్చి ఏడోదాంట్లో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పాస్టరుగారు, కేకు మిగిలారు. మొదటి ఫైనల్లో మాత్రం అందరూ ఉన్నారు. ఆ సమయానికి అచ్చమ్మ పొన్నూరు బస్సు దిగి వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. బ్రహ్మం మొదటిదాన్ని తెరిచాడు.

తెరంతా ఎర్రగా వచ్చింది. ఎక్కడ నొక్కినా ఎరుపే.

"ఇదేంటి బాబూ, ఆయనేడి?"

బ్రహ్మం తల గోక్కున్నాడు. "అమ్మా, ఇది వంటవాడు రాసే సరుకుల చీటీ లాంటిదమ్మా. ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో ఇందులో ఉంటుంది. ముక్కలు ఇందులో ఉండవు, వేరేచోట ఉంటయ్. చీటీ దొరికింది, సరుకులు దొరకాలి." తర్వాత కింద ఉన్న ఒక పొడుగాటి గీతని చూపించాడు. దాని మీద 'పెదనాన్న ప్రార్థన' అని రాసి ఉంది. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఆయనే."

అచ్చమ్మ లేచి వచ్చి తెర మీద ఆ గీతని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమింది. "పొడుగే," అంది.

సరుకులు ఎక్కడున్నాయో చీటీలోనే రాసి ఉంది. అవి బ్రహ్మం పాత కంప్యూటరు లోపలి డిస్కులో ఉన్నాయి. ఆ కంప్యూటర్ని తొమ్మిదేళ్ళ కింద రేపల్లెలో సింగరయ్య అనే చేపల వ్యాపారికి అమ్మేశాడు. అమ్మేముందు అందులోవన్నీ తుడిచెయ్యాలని తెలియనివాడేం కాదు బ్రహ్మం. బద్ధకించాడు. అతని వృత్తి జీవితంలో అంతకంటే మంచి పని చేయలేదని నా అభిప్రాయం.

మర్నాడు ఇద్దరం రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. తొమ్మిదేళ్ళంటే మాటలు కాదు, కంప్యూటరు ఎప్పుడో పాతసామాన్లవాడి బండెక్కి ఉంటుందనీ, ఉన్నా అందులో సినిమాలు నింపేసి ఉంటారనీ బ్రహ్మం దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. అచ్చమ్మకి ఏం చెప్పాలో ఇద్దరం రెండు మూడు రకాలుగా అనుకుని చూశాం. ఏదీ కుదరలేదు.

సింగరయ్య ఇంట్లో ముందుగదిలో కంప్యూటరు ఉంది. దాని మీద అల్లిక గుడ్డ కప్పి ఉంది. గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు.

"చేపల లెక్కలు రాయొచ్చని కొన్నానండి," అన్నాడు సింగరయ్య. "మా లెక్కలు నోటితోనే అయిపోతయ్యండి. దీనికి పని లేదు."

"అందులో మా పాత వీడియోలు ఉండాలండి. తీసేశారా?"

సింగరయ్యకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "తీసెయ్యటమేంటండి? మనుషులు గదండీ?"

బ్రహ్మం నా వంక చూశాడు. పదహారేళ్ళ సర్వీసులో మాకు తట్టని సంగతి అది.

ఆ ఇంట్లో జరుగుతున్నది ఇదీ. ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలల పాటు సముద్రంలో వేట నిషేధం. నిజాంపట్నంలో పడవలు ఒడ్డున ఉంటాయి, సింగరయ్యకి వ్యాపారం ఉండదు. ఆ రెండు నెలలూ ఇంటిల్లిపాదీ కంప్యూటరు ముందు కూర్చుని బ్రహ్మం తీసిన పెళ్ళిళ్ళు చూస్తారు. కత్తిరించనివి, ఒక్క మనిషిని కూడా తీయనివి, పద్దెనిమిది పెళ్ళిళ్ళు. తొమ్మిది ఏప్రిళ్ళుగా చూస్తున్నారు. ఎవరి మేనమామ ఎప్పుడు అలిగాడో, ఎవరి పిన్ని ఎవరికి నచ్చజెప్పిందో, ఏ పెళ్ళిలో పూర్ణాలు ఎన్నింటికి అయిపోయాయో వాళ్ళకి కంఠతా వచ్చు.

సింగరయ్య భార్య గంగరత్నం మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ నా మొహంలోకి చూసింది. "బాబాయ్‌గారూ, మిమ్మల్ని నేనెరుగుదును. అమ్మాయి పెళ్ళిలో మీరు చందనం రంగు లాల్చీ తొడుక్కున్నారు. పెరుగు రాలేదని బంతిలోంచి లేచిపోయిన ఆవిడ మీ అక్కయ్యగారే గదండీ? పాపం, నిజంగానే ఆవిడ విస్తట్లోకి పెరుగు రాలేదండి, వడ్డించే ఆయన ఆవిణ్ణి దాటి పోయాడు, మేం చూశాం. బాగున్నారాండీ ఆవిడ?"

మా అక్క దుర్గాదేవితో నేను మాట్లాడి పదేళ్ళయింది. పెరుగు వచ్చిందని మొదటి నుంచీ నా వాదన. ఫారం నా షాపులో ఫారమే, నేనే తీసుకున్నాను, నేనే నింపాను.

"బాగుందండి," అన్నాను.

విషయం మారుద్దామని, మేం వచ్చింది చర్చి పెళ్ళిలో ప్రార్థన చేసిన పెద్దాయన కోసమని చెప్పాను.

"చొక్కా పెదనాన్నా?" అంది గంగరత్నం, మొహమంతా వెలిగిపోయి. "ఆయన మా ఇంటి మనిషండి. వేట తెరిచిన రోజు మేం కొబ్బరికాయ కొట్టేది కొడతాం, ఆయన ప్రార్థన కూడా పెడతాం. కాలవ నీళ్ళ కోసం అంత అడిగినాయన సముద్రం సంగతి ఒక మాట అడక్కపోతాడా అని. ఎట్లా ఉన్నారండీ?"

బ్రహ్మం చెప్పాడు. ఆవిడ చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టి గడప మీద కూలబడింది. "మొన్న జూన్‌లో కూడా చూశాం గదండీ," అని కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. చనిపోయిన పదోరోజు దాకా కబురు అందని రక్తబంధువులు ఎట్లా ఏడుస్తారో అట్లా ఏడ్చింది. కాసేపయ్యాక కూడిక ఎప్పుడు, ఎక్కడ అని అడిగి, "మేం వస్తాం," అంది. పిలవటానికి మాకు అధికారం లేదని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

సరుకులు దొరికాయి. బ్రహ్మం మొత్తం కాపీ చేసుకున్నాడు. గురువారం మాస్టారు తెనాలి వచ్చి పదకొండు నిమిషాలూ చూశారు. కన్నీళ్ళు తుడుచుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి, "అద్భుతం," అన్నారు. "మూటలు, చొక్కా తీసెయ్."

"మాస్టారండీ, అచ్చమ్మగారి పేరు ఆ చొక్కా మాటలోనే ఉందండి," అన్నాడు బ్రహ్మం.

ఉంది. మేం విన్నాం. అచ్చమ్మకి ఉత్తినే అనిపించలేదు. ఆ చొక్కా ఉతికి, ఇస్త్రీ పెట్టె లేక ఇత్తడి చెంబులో నిప్పులు పోసి రుద్ది, మరిది చేతికిచ్చింది మా అచ్చమ్మ అని చిన్నయ్య చెప్పాడు. చొక్కా తీస్తే అచ్చమ్మ పోతుంది.

మాస్టారు దీర్ఘంగా ఆలోచించారు. "కూడికకి ముఖ్య అతిథులు వస్తున్నారు. వియ్యాలవారు వస్తున్నారు. ఒక విద్యావేత్త జీవితం చొక్కా దగ్గర ప్రారంభమైందన్న సందేశం సమాజంలోకి వెళ్ళరాదు. వదిన కోరిక కూడా మనకు శిరోధార్యమే. ఇప్పుడు కంప్యూటరు ఎవరి గొంతుతోనైనా మాట్లాడుతోందట కదా. అన్నయ్య గొంతుతో వదిన పేరు పలికించు. గౌరవంగా పలికించు."

బ్రహ్మం మెత్తని మనిషి. ఫారం నింపి ఇస్తే చేసేస్తాడు. ఫారం నేనే తీసిచ్చాను, ఈసారి కొంచెం మసగ్గా వచ్చింది.

శనివారం కూడిక ఘనంగానే జరిగింది. గుమ్మం దగ్గర చిన్నయ్య ఫ్లెక్సీ పెట్టారు, ఆధార్ ఫోటోని పెంచితే వచ్చిన మొహం. పక్కనే దానికి రెట్టింపు సైజులో చేతులు కట్టుకుని మాస్టారు. పాటలయ్యాయి, వాక్యమయింది. మాస్టారు ముప్పావుగంట మాట్లాడారు. అన్నయ్య తనకు నేర్పిన నిరాడంబరత గురించి చెప్పారు, తను రాసిన వ్యాసాల గురించి చెప్పారు, జిల్లా స్థాయిలో తను అందుకున్న పురస్కారాల పేర్లు చదివారు. "ఆ మహనీయుడి గురించి ఎంత చెప్పినా తక్కువే," అని, చెప్పకుండా ముగించారు. అచ్చమ్మ ముందువరసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని తెర వైపే చూస్తోంది. కూడికని తీస్తున్న కెమెరా పక్కన, వైర్ల దగ్గర నేనూ బ్రహ్మం నిలబడ్డాం.

తెర వెలిగింది. వెలిసిపోయిన తెల్లచొక్కాలో చిన్నయ్య కళ్ళు మూసుకుని, మెడ ఒక పక్కకి వంచి, ప్రభువా అన్నాడు. పెళ్ళికూతుర్ని దీవించాడు, పెళ్ళికొడుకుని దీవించాడు, నీళ్ళు అడిగాడు. తర్వాత తెర ఒక్క క్షణం మినుకుమని, వార్తలు చదివేవాళ్ళ గొంతు ఒకటి లేచింది. "నా ధర్మపత్ని, శ్రీమతి అచ్చమ్మగారు, చిరస్మరణీయురాలు."

అచ్చమ్మ అటూ ఇటూ చూసింది. "ఎవరది?" అంది పక్కావిడతో.

అప్పుడు వెనక వరసలోంచి గంగరత్నం లేచింది. సింగరయ్య చెయ్యి పట్టి లాగుతూనే ఉన్నాడు.

"ఆగండాగండి. చొక్కా ఏదండీ? ఇది కాదండీ ఇక్కడ వచ్చేది. కాలవ నీళ్ళయ్యాక మూటలు, మూటలయ్యాక చొక్కా, చొక్కాలో అచ్చమ్మ. ఈయన గొంతు కూడా కాదండీ ఇది, ఎవర్నో పెట్టారు."

హాల్లో వందల మంది వెనక్కి తిరిగారు. మాస్టారు లేచి, సంస్మరణ సభ గాంభీర్యాన్ని కాపాడవలసిందిగా తల్లిలాంటి ఆ సోదరిని కోరారు. ఆవిడ ఎవరని ముందువరసలో ఎవరో అడిగారు. దూరపు బంధువై ఉంటుందని మాస్టారే చెప్పారు.

అచ్చమ్మ లేచి బ్రహ్మం దగ్గరికి వచ్చింది. "ఆ అమ్మాయి చెప్పింది నీ దగ్గర ఉందా బాబూ?"

"ఉందమ్మా."

"పెట్టు."

బ్రహ్మం మాస్టారి వైపు చూడలేదు. ఫారం కూడా అడగలేదు. జేబులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. అది తెస్తున్నట్టు నాక్కూడా చెప్పలేదు, దొంగ.

చిన్నయ్య మళ్ళీ మొదటి నుంచీ వచ్చాడు. మూటలు వచ్చాయి, పెళ్ళిచొక్కా వచ్చింది, నవ్వులు వచ్చాయి, మూడు దగ్గులూ వచ్చాయి. వడ్లమూడి వియ్యాలవారు ఈసారి నవ్వలేదు. "చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి ఇచ్చింది ప్రభువా, మా అచ్చమ్మ. నీకన్నీ తెలుసు. ఆమె చేతులు కూడా కాలినయ్. నేనెప్పుడూ ఆమెతో చెప్పలా, నీతో చెప్తన్నా," అన్నాడు.

అచ్చమ్మ తెరకి మరీ దగ్గరగా నిలబడిపోయింది. "ఇంకోసారి పెట్టు," అంది. బ్రహ్మం పెట్టాడు. ఎన్నిసార్లు పెట్టాడో నేను లెక్కపెట్టలేదు, భోజనాలు ఆలస్యమయ్యాయని వంటవాళ్ళు వచ్చి చూసి, వాళ్ళూ గుమ్మంలో నిలబడిపోయారు.

చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు వినపడితే ప్రేమ్ కుమార్ మాస్టారు కూర్చోలేరు. మైకు అందుకుని, "ఆ చొక్కాను నేను ఈనాటికీ నా గుండెలో తొడుక్కునే ఉన్నాను," అన్నారు. ఇంకా పెద్ద చప్పట్లు వచ్చాయి. ఆ చొక్కాను అద్దాల పెట్టెలో పెట్టి విద్యార్థులకు ప్రదర్శించే ఏర్పాటు చేస్తున్నట్టు కూడా ప్రకటించారు. ఏ చొక్కా పెడతారో నాకు తెలియదు.

సోమవారం పొద్దున్నే మాస్టారు మళ్ళీ తెనాలి వచ్చారు. బ్రహ్మం డిజిటల్స్ చరిత్రలో మొదటి చేర్పు దరఖాస్తు ఆ రోజే నమోదైంది. చేర్చవలసిన వ్యక్తి: నేను. ఎక్కడ: చొక్కా దగ్గర. గుర్తు: కన్నీళ్ళు. తీసెయ్యవలసినవి: దగ్గులు మూడు, కూడిక వీడియోలో వెనక వరసలో లేచిన స్త్రీ. కారణం: చారిత్రక సత్యం. ఫారం నేనే తీసిచ్చాను. బ్రహ్మం తీగకి గుచ్చాడు. పని ఎప్పుడవుతుందంటే మాత్రం, ఫైలు దొరకట్లేదండి, వెతుకుతున్నా అంటున్నాడు.

నా సంగతి కూడా చెప్పేస్తే పోతుంది. మా అక్క ఉన్న పెళ్ళి వీడియో బ్రహ్మం నేనడక్కుండానే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సొరుగులో పెట్టాను. చూద్దామంటే మా షాపులో సిస్టం ఈమధ్య బాగా స్లోగా ఉంటోంది. అదొక్కటే కారణం.

మీరు నవ్వుకుంటున్నారు. నవ్వుకోండి. ఓ పదేళ్ళ కింద ఈ చుట్టుపక్కల మీ ఇంట్లో పెళ్ళి జరిగి, బ్రహ్మం తీసి ఉంటే, అది కూడా రేపల్లెలో ఆ అల్లిక గుడ్డ కిందే ఉంది, మీరు తీయించినవాళ్ళతో సహా. ఏప్రిల్ పదిహేనున వేట ఆగుతుంది. గంగరత్నం వాళ్ళు అందర్నీ ఇంకోసారి చూస్తారు. తర్వాత ఎప్పుడో బస్టాండులోనో, చేపల దుకాణం దగ్గరో ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టి, ఆయన బాగున్నారా, ఆవిడ బాగున్నారా అని పేరుపేరునా అడుగుతుంది. బాగున్నారండి అని మీరూ చెప్పేస్తారు, నాకు తెలుసు. చెప్పేముందు కనీసం బతికున్నారో లేదో కనుక్కుని పెట్టుకోండి.